మునిగిపోయే ఊరికి కాగితాలు

శ్రీకాకుళం జిల్లా పలాస వైపు కార్గో ఎయిర్‌పోర్టు మాట మొదలైనప్పటి నుంచి మందస మండలంలో ఉండే మా మామయ్య తరచుగా ఫోన్ చేస్తున్నారు. మా ఆవిడ తరఫు పెద్దాయన. జీడితోట మీదే బతుకు. వస్తుందో రాదో తెలియదు, ఎంత భూమి పోతుందో తెలియదు. ఆయన అడిగేది మాత్రం ఒకటే: "నువ్వు ఒకసారి పడ్డోడివి గదా బావూ, ముందు ఏ కాగితం తీసి పెట్టుకోమంటావు?" ఫోన్లో చెబితే సగం గాలికి పోతోంది. అందుకే రాసి పెడుతున్నాను.

మాది వంశధార ప్రాజెక్టు రెండో దశలో ముంపుకు పోయిన ఊరు. హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ ముందు నుంచీ ఉంది. దానికి తోడు దాదాపు 19 టీఎంసీల నీళ్ళు నిలబెట్టే రిజర్వాయరు కట్టాలని 2005లో పని మొదలుపెట్టారు. హిరమండలం, కొత్తూరు, ఎల్.ఎన్.పేట మండలాల్లో ఊళ్ళకు ఊళ్ళు ముంపు జాబితాలోకి వచ్చాయి. నది ఒడిశాలో పుట్టి మన దగ్గర కళింగపట్నంలో సముద్రంలో కలుస్తుంది కాబట్టి వాళ్ళతో తగువొచ్చింది. 2010లో ట్రిబ్యునల్ వేశారు, 2017లో తీర్పొచ్చింది. ఆ ఏడే ఊళ్ళు ఖాళీ చేయించారు. అంటే భూమికి డబ్బు ముట్టిన తర్వాత కూడా మేం ఏళ్ళ తరబడి ఊళ్ళోనే ఉన్నాం. రికార్డులో భూమి సర్కారుది, దున్నేది మేము. నీళ్ళు ఎప్పుడొస్తాయో తెలియక ఇంటికి సున్నం వేయించుకోవడం కూడా మానేశారు జనం. కూతురికి సంబంధం చూస్తే "మీది ముంపు ఊరంట గదా" అని అవతలివాళ్ళు నసిగేవారు.

భూమికి నోటీసులు రావడం మొదలైనప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. మా ఇంట్లో ఇంగ్లీషు నోటీసు చదవగలిగేది నేనొక్కడినే కాబట్టి ఆఫీసుల పని నా నెత్తిన పడింది.

మొదట వచ్చిన నోటీసు మీద మా తాత పేరుంది. ఆయన పోయి అప్పటికే చాలా కాలమైంది. మాది ఒకప్పటి జమీందారీ ఊరు. 1948 చట్టంతో ఎస్టేట్లు రద్దయ్యాక సెటిల్‌మెంట్ వాళ్ళు వచ్చి ఏ భూమి ఎవరిదో రాసిన రిజిస్టరు, అదే ఫెయిర్ అడంగలే మా భూములన్నిటికీ మూలం. అందులో తాత పేరు ఇంటిపేరు లేకుండా, ఊళ్ళో పిలుచుకునే పేరుగా ఉంది. పాస్‌పుస్తకంలో పూర్తి పేరుంది. మా వైపు సింహాద్రి అప్పన్న పేరు పెట్టుకోని ఇల్లుండదు. అప్పన్న, అప్పలస్వామి, అప్పలనాయుడు, సింహాచలం, వీళ్ళందరినీ ఊరు పిలిచేది 'అప్పడా' అనే. ఆ రిజిస్టరులో ఉన్న అప్పడు మా తాతేనని చూపించాలి. పొలం నలభై ఏళ్ళుగా మేమే దున్నుతున్నామని ఊరంతటికీ తెలుసు, కానీ ఊరికి తెలిసింది ఫైలుకు చాలదు. మన దగ్గర నుంచి తీసుకుపోవడానికి వచ్చినవాళ్ళకు, అది మనదేనని ముందు మనమే రుజువు చెయ్యాలి. ఈ తిరకాసు అర్థమయ్యాకే నాకు పని నడిచింది.

మమ్మల్ని గట్టెక్కించినవి అటక మీది రేకు పెట్టెలో దొరికిన శిస్తు రసీదులు. నాయనమ్మ పారేయనివ్వలేదు. చెదలు కొంత తిన్నా, సర్వే నెంబరూ తాత పూర్తి పేరూ ఒకే రసీదు మీద కనిపించాయి. దానికి సహకార సంఘంలో ఎరువు అప్పు తీసుకున్నప్పటి పత్రం తోడైంది. ఈ రెండూ పెట్టి, ఊరి పెద్దల వాంగ్మూలం రాయించి పంచనామా చేయిస్తే పేరు గొడవ తీరింది. మామయ్యా, మీ ఇంట్లో పాత రసీదులుంటే ముందు వాటిని ప్లాస్టిక్ కవర్లో పెట్టండి. 1బి, అడంగల్ లాంటి భూమి రికార్డులు ఎప్పుడైనా కంప్యూటర్లో దొరుకుతాయి. పాత రసీదులు దొరకవు.

తాత మరణం ఎక్కడా నమోదు కాలేదు. ఏడాది దాటిన మరణాన్ని నమోదు చేయించాలంటే పైఅధికారి ఉత్తర్వు కావాలి. అది తెచ్చాక కుటుంబ సభ్యుల ధ్రువపత్రం. అక్కడ మా ఇంట్లో అసలు గొడవ మొదలైంది. తాతకు ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్ళు. ధ్రువపత్రంలో నలుగురి పేర్లూ రావాలి. పొలం పంపకం ఎప్పుడో నోటిమాటగా నాన్నకూ చిన్నాన్నకూ జరిగిపోయింది. అత్తలిద్దరూ "మాకేం అభ్యంతరం లేదు" అని సంతకం పెట్టేస్తే సరిపోతుందని అందరూ అనుకున్నారు. పెద్దత్త వచ్చి వేలిముద్ర వేసి, అన్నం తిని వెళ్ళిపోయింది. చిన్నత్త మాత్రం కాగితం నాచేత రెండుసార్లు చదివించుకుంది.

"భూమి ఉన్నన్నాళ్ళూ అన్నదమ్ములు దున్నుకున్నారు, నేనేమన్నా అడిగినానా? ఇప్పుడు భూమి పోయి డబ్బైంది. డబ్బుకు పుట్టిల్లేటి, అత్తిల్లేటి? నా భాగం నాకిచ్చీండి" అంది.

నాన్న ఆ పూట ఆమెతో మాట్లాడలేదు. అమ్మ లోపల గిన్నెలు గట్టిగా పెట్టింది. ఊళ్ళో కూడా ఆమెదే తప్పన్నట్టు చెప్పుకున్నారు. నాకు మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఆమె అడిగినదాంట్లో తప్పు కనబడలేదు. ఆమె బియ్యానికీ పప్పుకీ ఏటా సంక్రాంతికి వచ్చి వెళ్ళే పొలం అది. అది లేనప్పుడు ఆమెకు పుట్టింటి నుంచి రావలసింది ఇంకేముంది? చివరికి ఊరి పెద్దలు కూర్చుని ఆమెకు కొంత ఇప్పించారు. సమభాగం కాదు, కానీ ఇచ్చారు. మా ఊళ్ళో ఇలాంటి తగువు పడని ఇల్లు తక్కువ. పరిహారం ఎంతో తేల్చే ఉత్తర్వు, అంటే అవార్డు కాకముందే ఇంట్లో మాట తెంచుకోవాలని అందరికీ చెబుతుంటాను. అవార్డయ్యాక వాటాల గొడవ పడితే డబ్బు తీసుకెళ్ళి కోర్టులో జమ చేస్తారు. ఆ తర్వాత దాన్ని బయటకు తీయడం ఇంకో యుద్ధం.

సొంత పట్టా ఉన్న జిరాయితీ భూమి కాక మాకు గట్టు పక్కన డి పట్టా చెక్క ఒకటుండేది, అంటే ప్రభుత్వం పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూమి. డి పట్టాకు పరిహారం రాదని ఊళ్ళో ఒక భయం. ప్రభుత్వం ఇచ్చిన భూమే కదా, ప్రభుత్వమే తీసుకుంటుంది అనేవారు. నిజానికి 2004లోనే మన హైకోర్టు విస్తృత ధర్మాసనం అసైన్డ్ భూమికి కూడా పట్టాభూమితో సమానంగా మార్కెట్ విలువ ఇవ్వాలని చెప్పింది. ఆ తీర్పు సంగతి మాకు ఒక రిటైర్డ్ మాస్టారు చెప్పారు. ఆ మాట తెలిసి అర్జీ రాయడం వేరు, తెలియక బతిమాలడం వేరు.

మా భూసేకరణ 1894 నాటి పాత చట్టం కింద జరిగింది. నాలుగో సెక్షన్ నోటిఫికేషన్ పత్రికల్లో వస్తుంది, ఊళ్ళో కూడా అంటిస్తారు. ఆ తేదీ నాటి ధరే మన భూమి ధర. చుట్టుపక్కల రిజిస్ట్రేషన్లలో ఉన్న రేటు చూస్తారు. మా దగ్గర ఎవరు అసలు రేటు రాయించారు గనక? స్టాంపు డ్యూటీ తగ్గుతుందని అందరూ సగం రాయించినవాళ్ళే. ఆ సగం రేటే ఊరందరి మెడకు చుట్టుకుంది. దాని మీద బలవంతంగా భూమి తీసుకున్నందుకు ఇచ్చే 30 శాతం సొలేషియం, నోటిఫికేషన్ నుంచి లెక్కగట్టి ఏడాదికి 12 శాతం అదనపు విలువ కలిపారు.

డబ్బు తీసుకునే రోజు ఒక్కటే మాట గుర్తుంచుకోవాలి. సంతకం పక్కన "అభ్యంతరంతో తీసుకుంటున్నాను" అని రాయాలి. ఆ ముక్క లేకపోతే ధర చాలలేదని తర్వాత కోర్టుకు వెళ్ళే దారి మూసుకుపోతుంది. మాస్టారు ముందే చెప్పారు కాబట్టి నేను నాన్న చేత ఇంట్లో పలక మీద రాయించి ప్రాక్టీసు చేయించాను. నాన్నకు సంతకం తప్ప రాత అంతగా రాదు. 'అభ్యంతరం' దగ్గర ఒత్తు ఎటు పెట్టాలో తేలక నెత్తి గోక్కున్నాడు. ఆ రోజు కౌంటరు దగ్గర వెనక క్యూలో వాళ్ళు తొందరపెడుతున్నా, నాలుక బయటపెట్టి ఒక్కో అక్షరం నొక్కి రాశాడు. ఆయన రాసింది చూసి వెనకాయన "ఏటి మావా, ఏటో రాసినావు, నాకూ రాసీవా" అన్నాడు. అలా ఆ పూట చాలామందికి నేనే రాసి పెట్టాను, వాళ్ళు కింద వేలిముద్రలు వేశారు.

కోర్టుకు వెళ్ళడానికి గడువు చిన్నది. 2013 నాటి కొత్త చట్టంలో, అవార్డు ప్రకటించినప్పుడు మనం అక్కడుంటే ఆ రోజు నుంచి ఆరు వారాలు. లేకపోతే నోటీసు అందిన ఆరు వారాలు, లేదా అవార్డు తేదీ నుంచి ఆరు నెలలు, ఏది ముందైతే అది. మాకు వర్తించిన పాత చట్టంలో పద్దెనిమిదో సెక్షన్ కింద అర్జీ ఇస్తే భూసేకరణ అధికారి దాన్ని సివిల్ కోర్టుకు పంపాలి. నాన్న పెట్టాడు. చిన్నాన్న "కోర్టు ఖర్చులు ఎవడు పడతాడ్రా" అని ఊరుకున్నాడు.

ఇళ్ళ కొలతలప్పుడు ఇంకో రకం. టేపు పట్టుకుని గది గది కొలుస్తారు. గోడ మట్టిదా ఇటుకదా, కప్పు నాటు పెంకా రేకా, దూలాలు టేకా తాడా అని రాసుకుంటారు. కట్టి ఎన్నేళ్ళయిందో అడిగి తరుగుదల తీసేస్తారు. మా ఇల్లు తాత కట్టింది కాబట్టి వయసు చెబితే విలువ తగ్గుతుంది, చెప్పకపోతే అబద్ధం. పశువుల సాల, నుయ్యి, ప్రహరీ వేరుగా రాయించుకోవాలి, లేకపోతే కలిపేస్తారు. కళ్ళం పోరంబోకు మీద ఉంది కాబట్టి దానికి ఏమీ లేదు. ఏటా మా వరి కుప్ప, గోగునార ఎండబెట్టేది అక్కడే.

చెట్లకు వేరే వాళ్ళొచ్చారు. పండ్ల చెట్లకు తోటల శాఖ, కలప చెట్లకు అటవీ శాఖ. పెరట్లో పనస దగ్గర నిలబడి తోటల శాఖాయన "కాపు ఎన్నేళ్ళ నుంచి?" అని అడిగితే అమ్మ "మా పెద్దోడు బడికెళ్ళిన ఏడు పిందెలేసింది" అంది. ఆయన నా ముఖం చూసి లెక్కగట్టుకుని రాసుకున్నాడు. దారి పక్క చింతచెట్టు దగ్గర మాత్రం పని ఆగిపోయింది. మాకూ పక్కింటి వాళ్ళకూ ఆ చెట్టు మీద తాతల నాటి నుంచి పేచీ. చింతపండు దులిపే రోజు రెండిళ్ళ ఆడవాళ్ళూ గంపలతో ఎదురెదురుగా నిలబడేవారు. చాతీ ఎత్తున చుట్టూ టేపు పట్టి కొలిచాడు. ఇద్దరు మనుషులు చేతులు చాచినా అందనంత బోదె. మంచి విలువే వస్తుంది. "ఎవరి పేరు రాయమంటారు?" అన్నాడు. రెండు వైపులా "మాదే" అన్నారు. సర్వేయరు గొలుసు లాగి, హద్దురాయి నుంచి కొలిచి తేల్చింది ఏమిటంటే, బోదె మొత్తం బండిదారిలో ఉంది. బండిదారి సర్కారుది. అంటే చెట్టు ఎవరిదీ కాదు. మూడు తరాలు తిట్టుకున్న రెండిళ్ళ వాళ్ళూ ముఖముఖాలు చూసుకుని నవ్వేశారు. నాకు తెలిసి ఆ రెండిళ్ళ మధ్య అంత హాయైన మాట ఇంకెప్పుడూ జరగలేదు.

మాకు పునరావాసం 2005 నాటి రాష్ట్ర విధానం, అదే జీవో 68 ప్రకారం. ఊళ్ళో అందరూ ప్యాకేజీ అనేవారు. ఇల్లు పోయినవాళ్ళు పీడీఎఫ్, అంటే ప్రాజెక్టు నిర్వాసిత కుటుంబాల జాబితాలోకి వస్తారు. నేను మేజర్‌ని కాబట్టి నా పేరు వేరే కుటుంబంగా ఎక్కింది. చెల్లిది నాన్న కుటుంబంలోనే ఉండిపోయింది. తనది నాకంటే మంచి చదువు, ఇంట్లో నాకంటే ఎక్కువ చాకిరీ. "నీకు స్థలం, నాకు పెళ్ళి" అని నవ్వేసేది. ఆ నవ్వుకు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు అమల్లో ఉన్న 2013 చట్టంలో ఈ తేడా లేదు. పెళ్ళయినా కాకపోయినా, ఆడైనా మగైనా, మేజరైతే విడి కుటుంబమే. మామయ్యా, మీ చిన్నమ్మాయి పేరు సర్వే రోజే రాయించండి.

జాబితాలో మాకంటే నష్టపోయింది మా పక్క చెక్క కౌలుకు చేసే కుటుంబం. ఆ భూమి యజమాని విశాఖపట్నంలో ఉంటాడు. కౌలు గింజలు తీసుకెళ్ళడానికి ఏటా వచ్చేవాడు. చెక్కు తీసుకోవడానికి కూడా వచ్చాడు. కౌలు మాట మీద నడిచింది, కాగితం లేదు. ఇల్లు ఉంది కాబట్టి వాళ్ళకు స్థలం, ప్యాకేజీ వచ్చాయి. కానీ వాళ్ళ పొయ్యి వెలిగించింది ఆ చెక్కే. దాని పోకకు ఎక్కడా లెక్క రాయలేదు. కొత్త చట్టంలో భూసేకరణకు ముందు మూడేళ్ళుగా ఆ భూమి మీద ఆధారపడిన కౌలుదారు, పాలికాపు, కూలీ కూడా బాధిత కుటుంబమే. కానీ మూడేళ్ళ సాగు దేనితో చూపిస్తారు? 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చి కౌలుకార్డులు ఇస్తున్నారు. దానికి యజమాని ఒప్పుకోవాలి. భూమి పోతుందన్న వార్త రాగానే ఏ యజమాని ఒప్పుకుంటాడు? మీ తోటలో జీడిపిక్కలు ఏరే వాళ్ళ పేర్లు ఇప్పుడే రాయించండి. వార్త ముదిరాక మీకే చెయ్యి రాదు.

ఆ 2013 చట్టం 2014లో అమల్లోకి రాగానే మా ఊళ్ళలో పెద్ద ఆశ పుట్టింది. పాత చట్టం కింద అవార్డయి ఐదేళ్ళు దాటినా భూమి స్వాధీనం కాకపోతే, లేదా పరిహారం ఇవ్వకపోతే, ఆ సేకరణ చెల్లదని 24వ సెక్షన్లో ఉంది. మేమింకా ఊళ్ళోనే ఉన్నాం కదా, అంటే స్వాధీనం కాలేదు కదా, మళ్ళీ కొత్త రేటు కట్టాలి కదా అని ప్రతి రచ్చబండ దగ్గరా ఇదే మాట. కొత్త రేటంటే సొలేషియం నూటికి నూరు, మన రాష్ట్రంలో పల్లె భూమికి మార్కెట్ విలువ మీద 1.25 రెట్లు. చివరకు 2020 మార్చిలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చేసింది. స్వాధీనం, పరిహారం, రెండూ జరగకపోతేనే చెల్లదు, ఒకటి జరిగినా చెల్లుతుందని. మేం డబ్బు తీసుకున్నవాళ్ళం. అప్పటికి ఊరు కూడా లేదు.

ఖాళీ చేసిన రోజుల గురించి ఎక్కువ రాయను. పెంకులు, దూలాలు, తలుపులు ట్రాక్టర్ల మీద వేసుకున్నాం. అమ్మవారి ఘటం ఎత్తుకుని ముందు నడిచారు, వెనక సామాన్లు వెళ్ళాయి. అంతే.

కాలనీకి వచ్చాక కాగితాల పని తగ్గుతుందనుకున్నాం, పెరిగింది. రేషన్ కార్డు, ఓటరు కార్డు, ఆధార్, గ్యాసు, అన్నింట్లో ఊరు మార్చాలి. మా అబ్బాయికి స్థానికత పత్రం తీసుకునేటప్పుడు తండ్రి పుట్టిన ఊరు అడిగారు. మండలం నొక్కాక వచ్చే ఊళ్ళ వరసలో మా ఊరు కనబడలేదు. "పక్క ఊరు పెట్టేయనా?" అన్నాడు మీసేవ కుర్రాడు. వద్దన్నాను. నిర్వాసితుల ధ్రువపత్రం జెరాక్సులు అందుకే బీరువాలో ఓ కట్ట పెట్టుకున్నాను. అవి ఉంటే ఇలాంటి చోట వాదన తొందరగా తెగుతుంది. కాలనీలో ఇచ్చిన ఐదు సెంట్ల పట్టాను కూడా అంతే భద్రంగా దాచుకోవాలి.

2022లో ప్రభుత్వం వంశధార రెండో దశ నిర్వాసితులకు 216 కోట్ల పైచిలుకు అదనపు పరిహారం విడుదల చేసింది. అప్పటికి నాన్న లేడు. మళ్ళీ కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మళ్ళీ బ్యాంకు. ఈసారి మరణం వెంటనే నమోదు చేయించి ఉండటంతో పని తొందరగా అయింది. చెల్లి వాటా చెల్లికి పంపాను, ఎవరూ అడగకముందే.

ఇక చిన్నాన్న సంగతి. నాన్న వాళ్ళ కేసుల్లో కోర్టు రేటు పెంచిందని తెలిసినప్పుడు చిన్నాన్న, తాను అర్జీ పెట్టలేదు కాబట్టి తనకేమీ లేదనుకుని ఊరుకున్నాడు. పాత చట్టంలోనే 28-ఏ అని ఒక సెక్షన్ ఉంది. ఒకే నోటిఫికేషన్ కింద భూమి పోయిన వాళ్ళలో ఎవరికి కోర్టు పెంచినా, కోర్టుకు వెళ్ళని మిగతావాళ్ళు కూడా ఆ రేటు అడగవచ్చు. కోర్టు తీర్పు తేదీ నుంచి మూడు నెలల్లో అడగాలి. తీర్పు నకలు తీసుకోవడానికి పట్టిన రోజులు ఆ మూడు నెలల్లో లెక్క వేయరు. కొత్త చట్టంలో కూడా ఇదే వీలు 73వ సెక్షన్లో ఉంది. గడువు దాటేలోగా నకలు తెచ్చి చిన్నాన్న చేత అర్జీ పెట్టించాను. రసీదు మీద తేదీ ముద్ర సరిగా పడలేదని తిరిగి వేయించుకున్నాను. అది ఇంకా తేలలేదు. మొన్న కూడా చిన్నాన్న నన్ను అడిగాడు, "మరి నా అభ్యంతరం ఎక్కడ రాయాలిరా?" అని. ఆయనకు రాయక్కర్లేదని చెబితే నమ్మడం లేదు.